ఒంటికి తగ్గ సాము

2008 నవంబరు నెల. చైనాలోని నింగ్బో నగరంలో మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలు జరిగాయి. మణిపూర్‌కు చెందిన మేరీ కోమ్ 46 కిలోల తరగతిలో బంగారు పతకం గెలిచింది. మన విశాఖపట్నం అమ్మాయి నాగిశెట్టి ఉష 57 కిలోల తరగతిలో ఫైనల్ దాకా వెళ్ళి వెండి పతకం తెచ్చింది. ఆ ఉషకే 2020లో కేంద్ర ప్రభుత్వం ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చి గౌరవించింది.

ఇద్దరిదీ ఒకే దేశం. ఒకే జట్టు. ఒకే ఆట. అయినా ఆ పోటీల్లో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడే ప్రశ్నే లేదు. మధ్యలో 11 కిలోల బరువుంది. బాక్సింగ్‌లో 11 కిలోలంటే చాలా పెద్ద మాట.

ఈ రోజు మన ప్రసంగం దీని గురించే. ఒడ్డూ పొడుగూ, బరువూ, చేతుల కాళ్ళ పొడవూ. ఇవి కరాటే, బాక్సింగ్, జూడో, కుస్తీ లాంటి విద్యలు నేర్చుకునేవాళ్ళ మీద ఎలా పనిచేస్తాయి? ముఖ్యంగా పిల్లల్ని ఈ విద్యల్లో చేర్పిస్తున్న తల్లిదండ్రులు కాస్త చెవి పెట్టి వినండి.

సాయంత్రం పూట గాజువాకలోనో, ఎం.వి.పి. కాలనీలోనో, ఉక్కునగరంలోనో ఏదో ఒక కరాటే క్లాసు దగ్గర కాసేపు నిలబడితే రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒక తండ్రి అంటాడు, "మావాడు గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నాడు మాస్టారూ, వీడికి ఈ విద్య అబ్బుతుందంటారా?" అని. ఒక తల్లి అంటుంది, "మా పాప కాస్త బొద్దుగా ఉంటుందండీ, అంత ఎత్తుకి కాలు లేస్తుందా?" అని. అడిగేది పెద్దవాళ్ళే గానీ, పక్కన నిలబడి వింటున్నది పిల్లలు. ఆ ప్రశ్న వాళ్ళ మనసులో పడిపోతుంది. అందుకే దీనికి సూటిగా జవాబు చెప్పుకోవాలి.

జవాబు ఇది. ఏ ఒంటివాళ్ళకైనా ఈ విద్య వస్తుంది. కానీ అందరికీ ఒకే దారిలో రాదు. పొడుగువాళ్ళ దారి వేరు. పొట్టివాళ్ళ దారి వేరు. బరువున్నవాళ్ళ దారి వేరు. ఆ దారి ఎక్కడ మొదలవుతుందో ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆ మాట దూరం. ముందు మీ దూరం తెలుసుకోండి. మళ్ళీ చెప్తున్నాం, ముందు మీ దూరం తెలుసుకోండి.

దూరం అంటే ఏమిటి? దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక సుద్దముక్క ఉంటే చాలు.

గోడకి ఎదురుగా నిలబడండి. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి. పిడికిలి బిగించి చెయ్యి పూర్తిగా చాచండి. పిడికిలి గోడకి తగిలీ తగలనట్టు ఉండాలి. ఇప్పుడు ముందున్న కాలి బొటనవేలి దగ్గర నేల మీద ఒక గీత గీయండి. అది మీ చేతి దూరం. తర్వాత కాస్త వెనక్కి జరగండి. వెనక కాలు ఎత్తి నెమ్మదిగా గోడకేసి చాచండి. పాదం గోడని తాకే చోట ఆగి, నేల మీద ఉన్న కాలి దగ్గర ఇంకో గీత గీయండి. అది మీ కాలి దూరం. ఇప్పుడు గోడకి బాగా దగ్గరగా రండి. మోచెయ్యి మడిచి గోడకి ఆనించండి. అక్కడ మూడో గీత. అది పట్టు దూరం. కుస్తీ, జూడో అక్కడే మొదలవుతాయి.

ఇప్పుడు ఇంట్లో ఇంకొకర్ని పిలవండి. అన్నయ్యో, చెల్లెలో, పక్కింటి కుర్రాడో. వాళ్ళ చేత కూడా అదే గోడ దగ్గర, వేరే రంగు సుద్దతో గీతలు గీయించండి. చూడండి, ఒకరి గీత మీద ఒకరి గీత పడదు. అన్నయ్య చేతి గీతకీ, చెల్లెలి చేతి గీతకీ మధ్య ఒక జానెడు జాగా మిగులుతుంది. ఆ జానెడు జాగాలో నిలబడితే అన్నయ్య దెబ్బ చెల్లెలికి తగులుతుంది. చెల్లెలి దెబ్బ అన్నయ్యకి అందదు.

పోరాట విద్యలో ఒడ్డూ పొడుగుల గొడవలో సగం ఈ జానెడు జాగాలోనే ఉంది.

పొడుగ్గా ఉన్నవాళ్ళు ఆ జాగాని కాపాడుకోవాలి. అవతలివాణ్ణి అక్కడే నిలబెట్టి కొట్టాలి. అందుకే పొడుగు చేతులున్న కుర్రాడికి మంచి గురువు మొదట నేర్పేది ఎడమచేతి సూటి దెబ్బ. బాక్సింగ్‌లో దాన్ని జాబ్ అంటారు. కరాటేలో అయితే ముందుకి తన్నే తన్ను. రెండూ ఒక పనే చేస్తాయి. దగ్గరకి రానివ్వవు.

పొట్టిగా ఉన్నవాళ్ళకి ఆ జాగాలో పని లేదు. వాళ్ళు దానికి బయటైనా ఉండాలి, లోపలైనా ఉండాలి. మధ్యలో మాత్రం ఆగకూడదు. బయట ఉంటే ఎవరి దెబ్బా ఎవరికీ తగలదు. లోపలికి వెళ్ళిపోతే పొడుగు చేతులు మడుచుకోవాల్సి వస్తుంది, వాటి బలం తగ్గిపోతుంది. కనక పొట్టివాళ్ళ విద్యంతా లోపలికి ఎలా వెళ్ళాలి అన్నదే. నేరుగా వెళ్తే ముక్కు మీద పడుతుంది. పక్కకి అడుగు వేసి వెళ్ళాలి. తల కదిలిస్తూ వెళ్ళాలి. అన్నిటికంటే ముఖ్యం, అవతలివాడు కొట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటున్న ఆ క్షణంలో, ఆ చేతి వెంటే వెళ్ళాలి. ఇది ఒక్కరోజులో రాదు. పాదాలు నేర్చుకోవాలి. అందుకే పొట్టివాళ్ళకి తాడాట, అడుగులు మార్చే అభ్యాసం ఎక్కువ చేయిస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొడుగువాడికి దూరం నుంచి కొట్టడం ఒక్కటే నేర్పి వదిలేస్తే, చురుకైనవాడు లోపలికి దూరిన రోజున తెల్లబోతాడు. కనక పొడుగువాళ్ళు కూడా దగ్గరకి వచ్చేసినవాణ్ణి పట్టి ఆపడం, పక్కకి తిరిగి మళ్ళీ దూరం తెచ్చుకోవడం నేర్చుకోవాలి. మన ఒంటికి అనువైన పనితో మొదలుపెడతాం. అనువుకాని పని కూడా తర్వాత నేర్చుకుంటాం. ఈ వరస ముఖ్యం.

దూరం ఎంత పని చేస్తుందో మేరీ కోమ్‌ని అడిగితే తెలుస్తుంది. ఆమె ఎత్తు సుమారు 158 సెంటీమీటర్లు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మహిళల బాక్సింగ్ పెట్టారు. కానీ మూడే తరగతులు పెట్టారు. 51 కిలోలు, 60 కిలోలు, 75 కిలోలు. అంతే. 46లోనూ 48లోనూ ప్రపంచ విజేతగా నిలిచిన మనిషి 51లోకి ఎక్కాల్సి వచ్చింది. ఎదురుగా నిలబడినవాళ్ళు సహజంగానే ఆమెకంటే పొడుగు, ఆమెకంటే బలం. సెమీఫైనల్లో బ్రిటన్ అమ్మాయి నికోలా ఆడమ్స్ చేతిలో ఓడిపోయింది. ఆ ఆడమ్సే బంగారు పతకం తీసుకుంది. మేరీ కోమ్ కాంస్యంతో తిరిగి వచ్చింది. తన కొలతకి మించిన తరగతిలో నిలబడి ఒలింపిక్ పతకం తేవడం మామూలు సంగతి కాదు. ఆ కాంస్యాన్ని ఆమె ప్రపంచ బంగారు పతకాల పక్కనే పెట్టాలి.

సరే, దూరం సంగతి విన్నారు. ఇప్పుడు బరువు సంగతి.

దెబ్బలో రెండున్నాయి. బరువు ఒకటి, వేగం ఒకటి. కదిలే వస్తువు శక్తి లెక్క హైస్కూలు పుస్తకాల్లోనే ఉంది. బరువు రెట్టింపు అయితే శక్తి రెట్టింపు అవుతుంది. వేగం రెట్టింపు అయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇది సన్నగా ఉన్నవాళ్ళకి ఊరట కలిగించే లెక్క. చెయ్యి వేగం అభ్యాసంతో పెరుగుతుంది. నడుము తిప్పి, వెనక మడమ తిప్పి కొడితే చేతి వెనక ఒళ్ళంతా వస్తుంది. సన్నటి కుర్రాడు చేత్తో మాత్రమే కొడితే అది చేతి దెబ్బ. నేల మీంచి కొడితే అది మనిషి దెబ్బ.

అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. ఇద్దరికీ విద్య సమానంగా ఉంటే బరువున్నవాడిదే పైచేయి. దీన్ని ప్రపంచం జూడో ద్వారా కళ్ళారా చూసింది.

జూడోని స్థాపించిన జపాన్ దేశస్థుడు కానో జిగోరో చిన్న మనిషి. కుర్రతనంలో తోటివాళ్ళ చేతిలో నలిగినవాడు. అందుకే జుజుత్సు నేర్చుకున్నాడు. ఆ శిక్షణశాలలో తనకంటే ఎంతో భారీగా ఉన్న తోటి విద్యార్థి ఒకడు ఎప్పుడూ గెలుస్తుండేవాడు. కానో ఊరుకోలేదు. సుమో కుస్తీ ఎత్తులు చదివాడు, పాశ్చాత్యుల కుస్తీ పుస్తకాలు తిరగేశాడు. ఆ భారీ మనిషి కిందకి దూరి, భుజాల మీదకి ఎత్తి పడేసే పట్టు ఒకటి సాధించాడు. 1882లో టోక్యోలో ఒక గుడి ఆవరణలో కొడోకాన్ పేరుతో తన శిక్షణశాల తెరిచాడు. ఎదుటివాణ్ణి ముందు తూకం తప్పించాలి, ఆ తర్వాతే పడెయ్యాలి. ఆయన విద్య అంతా ఈ మాట మీద నిలబడింది.

తూకం తప్పించడం అంటే ఏమిటో విశాఖ రేవు చూసినవాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకు కాలువ గుండా లోపలి హార్బరులోకి పెద్ద పెద్ద ఓడలు వస్తాయి. వేగం తగ్గాక వాటి చుక్కాని సరిగ్గా పని చెయ్యదు. అప్పుడు టగ్గు బోట్లు వస్తాయి. ఓడ ముందు టగ్గు చీమంత కనిపిస్తుంది. అది ఓడని సరిగ్గా మధ్యలో పట్టి నెడితే ఓడ తిరగదు. అందుకే ముక్కు దగ్గరో, తోక దగ్గరో ఆనుకుని నెడుతుంది. అంత ఓడా నెమ్మదిగా తిరుగుతుంది. చిన్న మనిషి పెద్ద మనిషి ఛాతీ మీద చేతులు వేసి నెట్టినా ఇంతే, కదలడు. భుజం చివర పట్టి ఒక పక్కకి లాగితే, అదే సమయంలో అవతలి పాదాన్ని ఆపితే, తిరిగి పడతాడు.

పొట్టివాళ్ళకి ఇక్కడ ఒక వరం ఉంది. మనిషి బరువంతా కేంద్రీకృతమయ్యే చోటు సుమారుగా బొడ్డు దగ్గర ఉంటుంది. పొట్టివాళ్ళకి అది నేలకి దగ్గరగా ఉంటుంది. తొందరగా పడరు. పైగా ఎదుటివాడి నడుము కిందకి తేలిగ్గా దూరతారు. జపాన్ వీరుడు కోగా తొషిహికో ఎత్తు 169 సెంటీమీటర్లే. భుజం మీంచి విసిరే పట్టులో అంతటివాడు లేడని పేరు. 1990లో బరువు తరగతులు లేని అఖిల జపాన్ పోటీలో దిగాడు. తనకంటే ఎంతో బరువున్నవాళ్ళని దాటుకుంటూ ఫైనల్ దాకా వెళ్ళాడు. అక్కడ భారీకాయుడు ఒగావా నావోయా చేతిలో ఓడిపోయాడు. రెండేళ్ళ తర్వాత బార్సిలోనా ఒలింపిక్స్‌లో 71 కిలోల తరగతిలో బంగారు పతకం గెలిచాడు.

ఇదే జూడోలో ఇంకో సంగతి కూడా జరిగింది. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో జూడోని మొదటిసారి చేర్చారు. అప్పుడు మూడు బరువు తరగతులు. వాటితోపాటు బరువుతో నిమిత్తం లేని తరగతి ఒకటి. విద్య ఉంటే బరువు ఏం చేస్తుందన్న నమ్మకం జపాన్ వాళ్ళకి గట్టిగా ఉండేది. ఆ చివరి తరగతి ఫైనల్లో నెదర్లాండ్స్‌కి చెందిన ఆంటన్ గీసింక్ దిగాడు. 198 సెంటీమీటర్ల మనిషి. జపాన్ వీరుడు కమినగా అకియోని నేలకి అదిమిపెట్టి గెలిచాడు. సొంత గడ్డ మీద, సొంత విద్యలో జపాన్ ఓడింది. గీసింక్ గెలిచింది బరువుతో మాత్రమే కాదు. విద్య కూడా జపాన్ వాళ్ళతో సమానంగా నేర్చుకున్నాడు. విద్య సమానమైన చోట ఒళ్ళు తన పని తాను చేసింది.

అందుకే బరువు తరగతులు. అవి బలహీనుల మీద దయతో పెట్టినవి కావు. ఎవరి విద్య ఎంతో తేలాలంటే ఒళ్ళు రెండు వైపులా ఇంచుమించు ఒకటిగా ఉండాలి.

ఇప్పుడు మరో వైపు చూద్దాం. ఒళ్ళు బాగా ఉన్నవాళ్ళకి విద్య అక్కర్లేదా? ఆర్కే బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం ఉంది. ఎప్పుడైనా అటు వెళ్తే పిల్లలకి చూపించి ఆయన కథ చెప్పండి. 1882లో వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో చినాన్న దగ్గర పెరిగారు. కార్లని గొలుసులతో పట్టి ఆపడం, గొలుసులు తెంచడం, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకోవడం లాంటి ప్రదర్శనలతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కలియుగ భీముడు అన్నారు. ఇంత ఒళ్ళు ఉన్న మనిషి ఒంటినే నమ్ముకుని ఊరుకోలేదు. విజయనగరంలో తాలింఖానాకి వెళ్ళి కుస్తీ నేర్చుకున్నారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందారు. తిరిగొచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ తర్వాతే సర్కస్, ఆ తర్వాతే బిరుదులు. ప్రాణాయామం ఆయన సాధనలో పెద్ద భాగం. గొలుసులు తెంచడంలో ఊపిరి బిగపట్టడమే అసలు విద్య. ఆయన శాకాహారి కూడా. మాంసం తినకపోతే బలం రాదని భయపడే తల్లిదండ్రులకి ఈ మాట చెప్పాలి.

ఉత్తరాంధ్ర తాలింఖానాల్లో కర్రసాము నేర్చుకునేవాళ్ళని చూడండి. మనిషి ఎత్తుని బట్టి కర్ర తీసుకుంటారు. కుర్రాడి చేతికి పెద్దవాడి కర్ర ఇవ్వరు. కర్రని మనిషికి తగ్గట్టు చూసుకుంటారు. దెబ్బలనీ, తన్నులనీ మాత్రం అందరికీ ఒకే కొలతలో నేర్పడం ఏం న్యాయం? నలభైమంది పిల్లల్ని వరసలో నిలబెట్టి అందర్నీ తలెత్తు తన్ను తన్నమంటే, తుంటి కీలు వంగని పిల్ల నడుము పట్టేసి మర్నాడు రాదు. ఆ పిల్లకి నడుము ఎత్తు తన్ను చాలు. మోకాలి కిందకి తన్నే తన్ను ఇంకా మంచిది. ఎత్తుకి లేచే తన్ను చూడ్డానికి బాగుంటుంది. పనికొచ్చేది చాలాసార్లు కింది తన్నే.

బొద్దుగా ఉన్న పిల్లల సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. వాళ్ళకి మొదట నేర్పాల్సింది పడటం. అవును, పడటమే. బరువున్న ఒళ్ళు పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, చేత్తో నేలని చరుస్తూ పడటం జూడోలో మొదటి పాఠం. మనకి ఇసక ఉంది. మెత్తటి ఇసకలో, గురువు పక్కన ఉండగా దొర్లడం నేర్చుకుంటే భయం పోతుంది. వాళ్ళ చేత మొదట్లోనే ఎగిరి తన్నే తన్నులు, గెంతులు చేయించొద్దు. మోకాళ్ళ మీద భారం పడుతుంది. నిలబడి పట్టుకోవడం, నెట్టడం, నేల మీద పట్లు, ఇవి వాళ్ళకి త్వరగా వస్తాయి. నలుగురిలో నవ్వులపాలైన పిల్ల ఒక్కసారి తోటివాళ్ళని పట్టి కదలకుండా ఆపగలిగితే, ఆ మర్నాడు పిలవకుండానే క్లాసుకి వస్తుంది.

సన్నటి పిల్లలకి బస్కీలు, దండీలు, తాడు పట్టుకుని ఎక్కడం. ముందు తన ఒళ్ళు తాను మొయ్యడం రావాలి. పట్టు గట్టిపడాలి. మిగతాది దానంతటదే వస్తుంది.

ఇంకొక్క సంగతి. పిల్లల ఒళ్ళు నిలకడగా ఉండదు. ఆడపిల్లలు సాధారణంగా పదకొండు పన్నెండేళ్ళప్పుడు, మగపిల్లలు పదమూడు పద్నాలుగేళ్ళప్పుడు ఒక్కసారిగా పొడుగు సాగుతారు. కాళ్ళూ చేతులూ ముందు సాగుతాయి. నడుమూ కండా తర్వాత వస్తాయి. ఆ రోజుల్లో నిన్నటిదాకా చక్కగా తన్నిన పిల్లవాడు తడబడతాడు. గురి తప్పుతాడు. బద్ధకమని తిట్టకండి. వాడి దూరం మారిపోయింది. సుద్ద గీతలు మళ్ళీ గీయించండి. పాత గీతకీ కొత్త గీతకీ తేడా వాడి కళ్ళకే కనిపిస్తుంది. మూడు నెలలకోసారి ఈ పని చేస్తే మంచిది. ముందు మీ దూరం తెలుసుకోండి అన్నది పెరిగే పిల్లలకి ఒకసారితో అయిపోయే మాట కాదు.

ఆ వయసులో ఎముకల చివర పెరుగుదల జరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది. పలకలు పగలగొట్టడం, పెంకులు పగలగొట్టడం లాంటి ప్రదర్శనలు ఆ పిల్లల చేత చేయించకూడదు. చప్పట్లు ఆ పూటకే. మణికట్టు జీవితాంతం కావాలి.

ఇక చివరిగా, అన్నిటికంటే బరువైన విషయం. పోటీ కోసం బరువు దింపడం.

2024 ఆగస్టు 7న పారిస్ ఒలింపిక్స్‌లో జరిగింది అందరికీ గుర్తుంది. వినేశ్ ఫోగట్ 50 కిలోల కుస్తీ ఫైనల్‌కి చేరింది. ఆ ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చింది. పోటీ నుంచే తప్పించారు. అంతకుముందు ఏళ్ళలో ఆమె 53 కిలోల తరగతిలో ఆడిన మనిషి. అదే పారిస్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కూడా 50 కిలోల్లోనే బాక్సింగ్‌లో దిగింది. 2022లో ఆమె ప్రపంచ విజేత అయింది 52 కిలోల్లో. ఒలింపిక్స్‌లో 52 లేదు. 50కి దిగింది. 2023లో ఆ తరగతిలోనూ ప్రపంచ విజేత అయింది. పారిస్‌లో మాత్రం చైనా అమ్మాయి వూ యూ చేతిలో రెండో పోరులోనే ఓడిపోయింది. ఇద్దరూ మేటి క్రీడాకారిణులే. వాళ్ళ వెనక వైద్యులున్నారు, ఆహార నిపుణులున్నారు. అయినా ఆ రెండు మూడు కిలోలు ఎంత కష్టపెట్టాయో చూడండి. మరి ఏ వైద్యుడూ లేని జిల్లా పోటీల్లో, పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి రెండు రోజులు పస్తుపెట్టి, నీళ్ళు మాన్పించి, రెయిన్‌కోటు తొడిగి పరుగెత్తించడం ఎంత ప్రమాదం?

ప్రమాదం అన్నది పెద్ద మాటేమీ కాదు. 1997లో నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు ఇలా త్వరత్వరగా బరువు దింపుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. చెమట బయటికి పోని దుస్తులు వేసుకుని, వేడిలో కసరత్తు చేశారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో తూకం నిబంధనలు మార్చారు. అది చలికాలంలో జరిగింది. మన విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. దాని మీద రెయిన్‌కోటు వేసి పరుగెత్తిస్తే ఒంటి వేడి ఎక్కడికి పోతుంది?

దీనికి భిన్నంగా ఒక మంచి ఉదాహరణ మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. కరణం మల్లీశ్వరి. ఆమెది వెయిట్‌లిఫ్టింగ్ అయినా తరగతుల సంగతి ఒకటే. 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ విజేత అయింది 54 కిలోల తరగతిలో. 1998 ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది 63 కిలోల తరగతిలో. 2000లో సిడ్నీలో ఒలింపిక్ కాంస్యం గెలిచింది 69 కిలోల తరగతిలో. మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ అయింది. ఒళ్ళు పెరిగిన కొద్దీ తరగతి మారింది. పాత తరగతి కోసం ఒంటిని నొక్కిపెట్టి ఉంటే ఆ పతకం వచ్చేదా?

తల్లిదండ్రులకి ఒక మనవి. పిల్లల్ని చేర్పించే ముందు గురువుగారిని రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, "మా పిల్లవాణ్ణి ఎవరితో జత కడతారు, వయసు చూసా, బరువు చూసా?" ఏడో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరిలో ఒకడు 30 కిలోలు, ఒకడు 50 కిలోలు ఉండటం మామూలే. వయసొక్కటే చూసి వాళ్ళని ఎదురెదురుగా నిలబెడతానంటే ఆ జతకి ఒప్పుకోకండి. రెండోది, "పోటీకి బరువు దింపమంటారా?" ఎదిగే పిల్లవాణ్ణి దింపమంటే, మొహమాటపడకుండా కాదని చెప్పండి. వాడు ఉన్న బరువులోనే ఆడతాడని చెప్పండి. ఓడిపోతే ఓడిపోనివ్వండి. వచ్చే ఏడాది ఇంకో పోటీ ఉంటుంది.